ఈ పెట్ట ఏ జాతిది? పెరటికోడి పూర్వకథ



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పల్లెలలో తిరిగే విస్తరణ ఉద్యోగిని వరి తెగులు గురించి, మక్కజొన్న పురుగు గురించి అడిగేవారు ఎలాగూ వుంటారు. వారితోబాటు, చంకలో కోడిని పెట్టుకొని వచ్చి "సారూ, గిది ఏం జాతి?" అని అడిగేవారు కూడా తప్పకుండా వుంటారు. అడిగేది ఎక్కువగా ఆడవారు, పిల్లలు. పెరట్లో కోడి వారి సొత్తు గదా! కొన్ని ఇండ్లలో ఆ పెట్టకు ఒక పేరు కూడా వుంటుంది. పిలిస్తే వస్తుంది, వడ్లు చల్లకముందే చెయ్యి చూస్తుంది. అటువంటి కోడిని అమ్మరు, కోయరు. దాని జాతి తెలుసుకోవాలనే ముచ్చట మాత్రం వుంటుంది.

మరికొందరు అడిగేది బేరం కోసం. సంతలో అసీల్ అంటే ఒక ధర, నాటు అంటే మరొక ధర, ఫారం కోడి అంటే ఇంకొక ధర. పేరు మీద పైసలు వున్నవి. అంతేకాదు, ఇది "ఉత్త ఊరకోడి" అని ఎవరైనా చదువుకున్నవాడు అన్నాడంటే, మరుసటి ఏడు ఆ పెరట్లో ఆ కోడి సంతతి వుండకపోవచ్చు. పాత పుంజును అమ్మి, పేరున్న పిల్లలను తెచ్చి వదులుతారు. కాబట్టి ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. అసలు కోడికి జాతి అనే మాట ఎప్పుడు పుట్టింది, ఎవరు పుట్టించారు, మన కోడికి అది ఎంతవరకు వర్తిస్తుంది అన్నది ఈవేళ చెప్పుకొందాం.

కోడి అడవి పక్షి. మన దేశంలో రెండు రకాల అడవికోళ్లు వున్నవి. ఒకటి ఎర్ర అడవికోడి. రెండవది బూడిదరంగు అడవికోడి, ఇది మన దక్కనుదీ, దక్షిణ దేశానిదీ. ఊరకోడి పుట్టుక ఎర్ర అడవికోడి ఒక్కదాని నుంచే అని చార్లెస్ డార్విన్ 1868లో వ్రాశాడు. చాలాకాలం అందరూ అదే చెప్పుకొన్నారు. కోడిని మొదట మచ్చిక చేసింది సింధు లోయ వాళ్లని పుస్తకాలు వ్రాశాయి. 2020లో వందలాది కోళ్ల జన్యువులను పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు, ఊరకోడికి అన్నింటికన్నా దగ్గరి చుట్టం బర్మా, ఉత్తర థాయిలాండ్, నైరుతి చైనా అడవులలోని ఎర్రకోడి అని తేల్చారు. 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారం నిస్సందేహంగా పెంపుడుకోడివే అనదగిన ఎముకలలో అన్నింటికన్నా పాతవి మధ్య థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికినవి. వాటి కాలం క్రీ.పూ. 1650, 1250 సంవత్సరాల నడుమ. వరి, చిరుధాన్యాల సాగు వ్యాపించిన కొద్దీ ఆ గింజల కోసం అడవికోడి ఊరి అంచుకు వచ్చింది, ఊరిలోనే వుండిపోయింది అని వారి అభిప్రాయం. కళ్లంలో వడ్లు ఆరబోసి పక్కకు తిరిగిన రైతుకు ఈ మాట రుజువు చేయనక్కరలేదు.

ఇక మన అడవికోడి సంగతి. మీ పెట్టను పట్టుకొని కాళ్లు చూడండి. పసుపుపచ్చగా వున్నవా? ఎర్ర అడవికోడి కాళ్లు పసుపు కావు. ఈ పసుపు చర్మపు గుణం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ దేశంలోని ఉప్సల విశ్వవిద్యాలయం వారు కనుగొన్నారు. అంటే ఎప్పుడో ఎక్కడో ఊరకోళ్లు మన దేశపు ఈ రెండవ అడవికోడితో కలిశాయి. ఆ పసుపు కాళ్లు తరువాత లోకమంతా తిరిగాయి. అమెరికా వాడు తన కోడి అని చెప్పుకొనే రోడ్ ఐలాండ్ రెడ్ కాళ్లు పసుపే, తెల్ల లెగార్న్ కాళ్లు పసుపే. కాబట్టి పసుపు కాళ్లు చూసి ఇది సీమజాతి అనరాదు. తెల్లని కాళ్లు చూసి ఇది ఉత్తదనీ అనరాదు. పసుపు గుణం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఒక వైపు నుంచే వస్తే లోపల దాగి వుండి, మనుమల కాలంలో మళ్లీ కనిపిస్తుంది.

మన పూర్వులకు కోళ్లలో తేడాలు తెలియవా అంటే, బాగా తెలుసు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కోడి లక్షణాలకు ఒక చిన్న అధ్యాయమే కేటాయించాడు. ఈకలు, వేళ్లు తిన్నగా వుండి, ముఖమూ గోళ్లూ తురాయీ రాగి రంగున వుండి, ఒళ్లు తెల్లగా వున్న పుంజు శుభమని ఆయన లెక్క. దండి వ్రాసిన దశకుమారచరితంలో కోడిపందెం ఘట్టం ఒకటి వున్నది. అందులో ఒక పుంజును నారికేళ జాతి అనీ, ఎదుటిదాన్ని బలాకా జాతి అనీ గుర్తు పడతారు. జాతి అనే మాటే అక్కడ వున్నది. ఆ కావ్యాన్నే పదమూడవ శతాబ్దంలో కేతన తెనుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. తరువాత తెలుగులో కుక్కుట శాస్త్రం వచ్చింది. అందులోని పేర్లు ఇప్పటికీ జనం నోట వున్నవి. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, రెక్కల మీద వీపు మీద పసుపు ఈకలున్నది నెమలి, ఈకకు మూడు రంగులున్నది పూల. ఇంకా పింగళ, కౌజు, మైల అని పెద్ద జాబితా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ పేర్లన్నీ రంగు పేర్లు. డేగకు పుట్టిన పిల్లలలో ఒకటి కాకి, ఒకటి మైల కావచ్చును. తోడబుట్టినవే వేరువేరు పేర్లు మోస్తాయి. ఇప్పుడు మనం జాతి అని అడుగుతున్నది ఆ అర్థంలో కాదు. ఇంకొక సంగతి. శాస్త్రమంతా పుంజును గురించే. ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలను గద్ద నోట పడకుండా పెంచింది అని ఏ పండితుడూ వ్రాయలేదు. పందెం వేసిన మగవారికి దాని అవసరం లేకపోయింది. ఆ లెక్క ఇంటి ఆడవారి దగ్గరే నిలిచింది. (పందెం మాట వచ్చింది కాబట్టి ఇదికూడా చెప్పవలె. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను కొట్లాటకు దింపడం నేరం.)

పందెపు పుంజుల వంశమే అసీల్. అరబ్బీ నుంచి వచ్చిన మాట ఇది. మేలైన పుట్టుక కలది అని అర్థం. మనం రోజూ అనే "అసలు" కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. అసీల్ కోడిని గుర్తు పట్టడానికి కొన్ని ఆనవాళ్లు చెబుతాను. మనిషి నిలబడినట్టు నిటారుగా నిలుస్తుంది. మెడ పొడుగు, కాళ్లు పొడుగు, ఎముక బరువు. ఈకలు తక్కువ, ఒంటికి అంటుకొని వుంటాయి. తోక కిందికి వాలుతుంది. తురాయి రంపపు పళ్లవలె లేవదు, బఠాణీ గింజలు అతికించినట్టు చిన్నగా తలను అంటి వుంటుంది. గొంతు కింద వేలాడే ఎర్రతోళ్లు దాదాపు వుండవు. పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. గుడ్లు మాత్రం తక్కువ. వీటిలోనూ రంగును బట్టి పీలా, యాకూబ్, నూరీ, కగార్ వంటి పేర్లు వున్నవి.

ఇప్పుడు మోసం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ఇంగ్లండులో విలియం బేట్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో కోడి తురాయి మీద పరీక్షలు చేసి, మెండెల్ సూత్రం పశుపక్ష్యాదులకూ వర్తిస్తుందని చూపాడు. బఠాణీ తురాయి కోడిని రంపపు తురాయి కోడితో కలిపితే పిల్లలలో బఠాణీ గుణమే పైకి కనబడుతుంది. అంటే అసీల్ పుంజును మామూలు పెట్టపైకి వదిలితే, పుట్టే సగం రక్తపు పిల్లలు కూడా తురాయిలో తండ్రినే పోలుతాయి. అటువంటి పిల్లలను తట్టలో పెట్టి "తురాయి చూడు, అసలైన అసీల్" అని అమ్మేవారున్నారు. తురాయి ఒక్కటి చూసి ధర ఇవ్వవద్దు. నిలుపు, తోక, ఎముక, ఈక అన్నీ చూడండి. వీలైతే తల్లిని చూడండి.

అసీల్ కథ ఇంకా వున్నది, అది విన్నవారికి ఆశ్చర్యం కలుగుతుంది. 1820 ప్రాంతంలో సర్ వాల్టర్ గిల్బర్ట్ అనే సైన్యాధికారి మన దేశపు అసీల్ కోళ్లతో తన ఊరైన కార్న్‌వాల్‌లో కొత్తరకం తయారు చేశాడని చెబుతారు. ఇంగ్లండులో దానిని ఇండియన్ గేమ్ అన్నారు. అమెరికాకు పోయి కార్నిష్ అయింది, 1893లో అక్కడి జాబితాకు ఎక్కింది. ఛాతీ మాంసం దండిగా వుండే కోడి అది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో "రేపటి కోడి" అని మాంసపు కోళ్ల పోటీలు పెట్టారు. 1948లో దేశస్థాయిన గెలిచింది కాలిఫోర్నియాకు చెందిన వాంట్రెస్ వారి కోడి. కార్నిష్‌నూ న్యూ హాంప్‌షైర్‌నూ కలిపి వారు దాన్ని తీశారు. ఈనాటి బ్రాయిలర్ వంశం ఆ దారినే నడిచింది. కామారెడ్డి బజారులో తూకం వేసి అమ్మే తెల్ల బాయిలర్ కోడి ఒంట్లో మన అసీల్ రక్తం కొంత వున్నదన్న మాట. ఆ కోడిని చూసి ముక్కు విరిచే పెద్దలు ఈ చుట్టరికం కూడా ఎరిగి వుండడం మంచిది.

ఇంతకూ ఆ అమెరికా "జాబితా" అంటే ఏమిటి? అసలు కీలకం ఇక్కడ వున్నది. ఇప్పటి అర్థంలో కోడి జాతి అనేది ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పుట్టింది. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన జరిగింది. కొద్దికాలానికే జనానికి కోళ్ల పిచ్చి పట్టింది, ఒక జత కోళ్లకు మనం నమ్మలేని ధరలు పలికాయి. బహుమతి ఇవ్వాలంటే కొలతలు కావాలి గదా! తురాయికి ఇన్ని పళ్లు, కాలికి ఈ రంగు, ఒంటికి ఇంత బరువు అని 1865లో ఇంగ్లండు వారు, 1874లో అమెరికా వారు పుస్తకాలు అచ్చువేశారు. పుస్తకంలో వున్న రూపానికి సరిపోతే జాతికోడి, సరిపోకపోతే కాదు. ఆ పుస్తకం పాటించి తరాల తరబడి ఒకే మందలో కలిపినవి నిలిచాయి.

ఆ పేర్లు కూడా ఎంత నిజమో చూడండి. బ్రహ్మా అని కాళ్ల మీద ఈకలుండే పెద్ద కోడి ఒకటి వున్నది, ఈనాడు పట్నంలో ముచ్చటకు పెంచుతున్నారు. పేరు విని మన బ్రహ్మపుత్రా తీరపుది అనుకొంటారు. కాని అమెరికాలో దీన్ని తయారు చేసింది ముఖ్యంగా చైనాలోని షాంఘై రేవు నుంచి ఓడలలో వచ్చిన పెద్ద కోళ్లతో. ఘనంగా వుంటుందని బ్రహ్మపుత్ర పేరు తగిలించారు. జార్జి బర్న్‌హామ్ అనే అమెరికా వ్యాపారి 1852లో వీటిలో తొమ్మిదింటిని విక్టోరియా రాణికి కానుక పంపి మంచి ప్రచారం సంపాదించుకొన్నాడు. తరువాత ఆ కోళ్ల పిచ్చిని వెక్కిరిస్తూ 1855లో తానే ఒక పుస్తకం కూడా వ్రాశాడు. గడుసువాడు!

మన పల్లెలలో ఇటువంటి పుస్తకం లేదు. ప్రదర్శన లేదు, బహుమతి లేదు. దొడ్డిలో తిరిగే పెట్ట దగ్గరకు పక్కింటి పుంజు వస్తుంది, ఎదురింటి పుంజు వస్తుంది. వానకు, ఎండకు, గద్దకు, పిల్లికి, తెగులుకు ఆగినది నిలిచింది. 1927లో కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో గుర్తించిన తెగులు, మన వాళ్లు కొక్కెర తెగులు అనేది, మందలకు మందలను తుడిచిపెట్టింది. దాని నుంచి మిగిలినవాటి సంతానమే మన కోళ్లు. పుస్తకం లేనంత మాత్రాన వంశం లేనట్టు కాదు. దస్త్రాలలో మాత్రం ఇటువంటి కోడికి "ఏ జాతికీ చెందనిది" అని వ్రాస్తారు.

ఆ మాట ఫలితం దేశమంతటా కనబడింది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. ఆ తరువాతి ఏండ్లలో నాటు మందలను మెరుగుపరచాలని రోడ్ ఐలాండ్ రెడ్, తెల్ల లెగార్న్ పుంజులను పల్లెలకు పంచారు. చాలా చోట్ల షరతు ఏమంటే, కొత్త పుంజును తీసుకొని పాత పుంజును తీసివేయవలె. గుడ్లు పెరిగిన మాట వాస్తవం. కరవు కాలంలో పిల్లలకు గుడ్డు పెట్టాలన్న వారి ఆరాటం తప్పనలేము. కాని లెగార్న్ పెట్ట పొదగదు. దాని రక్తం చేరిన కొద్దీ పొదిగే గుణం తగ్గుతుంది. ఇంక్యుబేటర్ లేని ఊరిలో పొదగని కోడి సంతానం మూడో తరానికి ఎక్కడిది?

1971లో హైదరాబాదులో బి. వి. రావు గారు వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. గుడ్ల ధర రైతులే నిర్ణయించుకోవాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం వచ్చింది. ఫారం కోడి ఆ దారిన పెరిగిపోయింది. పెరటికోడి కోసం పనిచేసింది రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ. వనరాజా, గ్రామప్రియ అక్కడివే. రంగురంగుల ఈకలతో వుంటాయి కాబట్టి నాటుకోళ్లలో కలిసిపోతాయి. వనరాజా పెట్ట పెరట్లో ఏడాదికి 100, 110 గుడ్లు పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ పెడుతుంది. మన నాటు పెట్ట మూడు నాలుగు కాన్పులలో 50 నుంచి 80. కాని వనరాజా అనేది జాతి కాదు, రెండు వేరు వంశాలను కలిపి తీసిన సంకరం. హైబ్రిడ్ మక్కజొన్న గింజను మళ్లీ విత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. దాని గుడ్లను పొదిగిస్తే వచ్చే పిల్లలూ అంతే, తల్లిని పోలవలెనన్న నియమం లేదు. పైగా అది తానై పొదగడం అరుదు.

కాబట్టి కామారెడ్డి పెరట్లో ఈనాడు తిరిగే పెట్టలో అడవి వున్నది, పందెపు పుంజు వున్నది, అరవై ఏండ్ల క్రితపు పథకం వున్నది, నిరుటి వనరాజా కూడా వుండవచ్చు. చూసి కొంత చదవవచ్చును. తెల్లని చెవి తమ్మె, వాలిపోయే పెద్ద తురాయి, ఒళ్లంతా తెలుపు వుంటే లెగార్న్ ఛాయ అనుకోవచ్చు. నిటారు నిలుపు, బఠాణీ తురాయి వుంటే అసీల్ ఛాయ. మెడ మీద ఈక లేకపోతే భయపడవద్దు, అది ఒక్క జన్యువు పని. ఎండదేశంలో అది మేలు కూడా, ఒంటి వేడి తొందరగా పోతుంది. చర్మం, కాళ్లు, తురాయి, మాంసం అన్నీ నల్లగా వుంటేనే మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాట ఎత్తండి. ఉత్త నల్ల ఈకలు చూసి ఎత్తవద్దు. పోచమ్మకు మొక్కిన నల్లకోడి కడక్‌నాథ్ కాదు.

జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అని కర్నాల్‌లో ఒకటి వున్నది, 1984లో ఏర్పడింది. దేశపు కోళ్ల జాతులను నమోదు చేసేది అదే. తెలుగు నేలకు సంబంధించి ఆ జాబితాలో అసీల్, విజయనగరం వైపు డంకీ, చిత్తూరు వైపు కాళహస్తి, కర్ణాటక సరిహద్దున ఘాగస్ వున్నవి. కామారెడ్డి పేరున, ఎల్లారెడ్డి పేరున ఏ జాతీ లేదు. 2019 పశుగణనలో దేశమంతటా పెరటికోళ్లు 31 కోట్ల 70 లక్షలు తేలాయి. 2012 కన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. పెరటికోడి తగ్గడం లేదు, పెరుగుతున్నది. ఆ పెరిగినది ఏ కోడి అన్నదే ప్రశ్న.

ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లెలో ఒక అవ్వను, "అవ్వా, ఈ పెట్ట ఎక్కడిది?" అని అడిగాను.

"నా తల్లిగారింటి కోడి సారూ. నా లగ్గమైన యాడాది మా అమ్మ పెట్టపిల్లనిచ్చింది. దాని బిడ్డ బిడ్డలే గివి. దీని తల్లి పదమూడు గుడ్లేస్తే పన్నెండు పిల్లల్ని లేపింది. ఇది జర కోపపుది, గద్దొస్తే ఎగిరి తంతది. దీని చెల్లె ఉన్నది గని పొదుగు మీద నిలువది, దాన్ని అమ్మేస్త."

జాతీయ సంస్థ వారు ఒక జాతిని నమోదు చేయాలంటే అడిగేవి ఇంచుమించు ఇవే. ఎక్కడిది, ఎన్ని తరాలనుంచి వున్నది, రూపమేమిటి, ఎన్ని గుడ్లు, ఎన్ని పొదుగుతుంది, తల్లిగుణం ఎట్లా వున్నది అని. అవ్వ దగ్గర లేనిది కాగితం మాత్రమే. ఆ ఇంట్లో ఇబ్బంది మరొకటి. దసరాకు బరువు తూగే పుంజును కొనేవాడు వచ్చి మంచి ధర ఇస్తాడు. మందలో అన్నింటికన్నా మేలైనది అట్లా పోతుంది, గిడసబారినది పెట్టల మధ్య మిగులుతుంది. పదేండ్లు ఇట్లా జరిగితే కోడి చిన్నదైపోయింది, నాటు పనికిరాదు అంటారు.

ఆ పెట్టల గుణం నిలవాలంటే మేలైన పుంజును ఒకదాన్ని పండుగ దాటేవరకు అమ్మకుండా వుంచండి. దాన్ని తన తల్లి మీదికి, చెల్లెండ్ర మీదికి తరతరాలుగా వదలక, అదే ఊరిలో మంచి పొదుగు కోడి వున్న మరొక ఇంటితో రెండేండ్లకు ఒకసారి పుంజును మార్చుకోండి. గుడ్లు అమ్మడానికి వనరాజాను, గ్రామప్రియను పెంచుకొనేవారు పెంచుకోండి, లాభమే. కాని వాటి పుంజులను పాత పెట్టల దగ్గరకు రానీయకుండా వేరే దొడ్డిలో వుంచండి. పిల్లలకు మొదటి వారంలో కంటిలో చుక్కల మందు, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది, ఈ రెండూ కొక్కెర తెగులుకు పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. ఒక సీసాలో మందు చాలా కోళ్లకు సరిపోతుంది, తెరిచిన తరువాత నిలవ వుండదు. అందుచేత వాడకట్టు వారందరూ ఒకేరోజు తెల్లవారుజామున, గంపలు ఎత్తకముందే, కోళ్లను పట్టి వుంచితే పని తేలిక.

పిల్లలు బడి నోటుపుస్తకంలో ఒక పేజీ తమ పెట్టకు ఇస్తే మరీ మంచిది. పేరు, తల్లి పేరు, గుడ్డు పెట్టిన తేదీలు, పొదిగేసిన గుడ్లు, లేచిన పిల్లలు, అందులో గద్దకు పోయినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని. వచ్చేసారి "ఏం జాతి?" అని అడగడానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా వెంట తీసుకొనిరండి.